లావు దూడ దూడ

కేకు మీద ‘వేగం’ అని రాయించాడు గురుమూర్తి. మదనపల్లెలో బెంగళూరు బస్టాండు వెనక, టమోటా క్రేట్లు అద్దెకిచ్చే అంగడి మీద మేడలో ఉంది వాళ్ళ ఆఫీసు. కింద లారీలోకి క్రేట్లు దబదబ పడుతుంటే పైన కొట్టిన చప్పట్లు ఎవరికీ సరిగా వినపడలేదు. యమున మాత్రం అసలు కొట్టనే లేదు. చేతిలో పెట్టిన కేకు ముక్కను అట్లాగే పట్టుకొని నిలబడింది.

ఆ ఆఫీసులో జరిగే పని చెప్పడానికి చిన్నదే. బొమ్మను చూసి, దాంట్లో ఏముందో ఒక వాక్యంగా రాసే యంత్రం ఒకటి వాళ్ళ దగ్గర ఉంది. న్యూరల్ నెట్‌వర్క్ అంటారు దాన్ని. దానికి తెలుగు నేర్పింది యమున, ఫర్జానా, ఇంకా వాళ్ళలాంటి ఆడపిల్లలే. అమ్మానాన్నలు కూలికి పోయిన ఇళ్ళలోంచి నెలజీతానికి వచ్చినవాళ్ళు. ఏండ్ల తరబడి బొమ్మ చూడడం, వాక్యం రాయడం. ‘ముసలామె చింతపండు కొడుతోంది.’ ‘బర్రె గుంతలో పడుకొని ఉంది.’ రాయగా రాయగా యంత్రం తనంతట తానే రాయడం మొదలుపెట్టింది. అప్పుడు వీళ్ళను సరిచూసే బల్లకు మార్చారు. యంత్రం రాసిన వాక్యాన్ని బొమ్మ పక్కన పెట్టి చూసి, వీళ్ళు సరే అంటేనే అది బయటికి పోయేది.

ఆ బల్లను ఆ పొద్దున ఎత్తేశారు. కేకు అందుకే.

“ఇన్నాళ్ళూ మన యంత్రం నత్త మాదిరి రాస్తావుండె,” అన్నాడు గురుమూర్తి, చేతికంటిన క్రీము తుడుచుకుంటూ. మంచివాడే. పండక్కి అందరికీ స్వీట్లు పంచేవాడు. వేగం అనే మాట వింటే మాత్రం మనిషి మారిపోతాడు. “ఒక మాట రాసేది. ఎనక్కి తిరిగి దాన్ని సూసుకొనేది. ఆ పైన ఇంకో మాట. ఇప్పుడు ఆ తంటా ల్యా. ఎన్ని మాటలుంటే అన్నీ ఒక్కసారే పడతాయి. రెప్ప కొట్టేలోగా వాక్యం తయారు.”

“పక్కన ఏం మాట పడతాందో ఈ మాటకు తెలుస్తాదా సార్?” అని అడిగింది ఫర్జానా.

“తెలీదు. తెలియాల్సిన పని ల్యా. అందుకే అంత వేగం.”

“మా ఇంట్లో పెండ్లి మాటలకు కూసున్నప్పుడు ఇట్లే సార్. అందరూ ఒక్కసారే మాట్లాడతారు. ఆఖరికి పెండ్లికొడుకు పేరు ఎవరికీ తెలీదు.”

అందరూ నవ్వారు. గురుమూర్తి కూడా నవ్వాడు. “ఇంకోటి. యంత్రం తలలో మాటల బరువు తగ్గించినాం. ఎప్పుడో ఒకసారి వచ్చే మాటలన్నీ పీకేసినాం. మీరు మాట్లాడే మాదిరే రాసి పెట్టినారు కదమ్మా, సూడు కుక్క, సూడు బస్సు అని. సూడు, సూడి, చూడు, చూడి, అన్నీ తీసేసినాం. బొమ్మలో ఏముందో చెప్పమంటే సూడు సూడు అని పిలిస్తే ఎట్లా?”

యమున కేకు కింద పెట్టింది. “సార్, సూడి అంటే సూడమని కాదు. కడుపుతో ఉండే పశువు. సూడి ఆవు, సూడి బర్రె అంటాం.”

“ఓహో, అదొకటుందా?”

“నేనే రాసినా సార్ ఆ వాక్యాలు.”

“రాసుంటావు. అట్లాంటి ఆవు ఎన్ని బొమ్మల్లో వస్తాదమ్మా? దానికోసం అంత యంత్రాన్ని ఆపమంటావా? కేకు తిను.”

ఏం తింటుంది. కడుపుతో ఉన్న పశువును ఒక్క మాటతో చెప్పగలిగిన భాషను తీసుకొచ్చి, బరువుగా ఉందని ఆ మాటనే కోసి పారేశారు. మార్కెట్లో టమోటాలను కాయ కాయ చూసి ఏరేచోట, గంపంతా ఒకేసారి బోర్లించి ‘చూడండి ఎంత తొందరగా అయిపోయిందో’ అన్నట్టుంది. కుళ్ళింది ఏదో, మంచి కాయ ఏదో కొనేవాడి కర్మ.

అప్పుడే ఫోను మోగింది. అమ్మ చెంగమ్మ. పుంగనూరు నుంచి సదుం పోయే రోడ్డు పక్కన వాళ్ళ ఊరు.

“ఏమ్మే, పుట్టమ్మ కనపడల్యా,” అంది చెంగమ్మ. ఊపిరి అందడం లేదు ఆమెకు.

పుట్టమ్మ వాళ్ళ ఆవు. పుంగనూరు పొట్టి ఆవు. మనిషి నడుము దాకా కూడా రాదు. కన్నడ దేశం నుంచి కోడలిగా వచ్చిన నాయనమ్మ, అది పుట్టినప్పుడే చూసి ‘పుట్టమ్మ’ అని పిలిచింది, చిట్టితల్లి అన్నట్టు. అదే నిలిచింది. నెలలు నిండి ఉంది. నేడో రేపో ఈనేది. పోయిన ఈతలో దూడ కడుపులో అడ్డం తిరిగితే చెంగమ్మే చేయి పెట్టి సరిచేసి లాగింది. ఆ చేయి లేకపోతే ఆ రోజు తల్లీ పిల్లా రెండూ పోయేవి.

“ఈనేదానికి మరుగు ఎతుక్కుంటా తాడు తెంపుకోని పోయినట్టుండాది. రోడ్డు మీదికి పోయిందంట. గోపథం బండోళ్ళు ఎత్తుకోని పోయినారని టీ అంగడాయప్ప సెప్పినాడు. పుంగనూరు దొడ్డికి పోయినా. ఆవులే రాలేదు, దూడ ఒకటి వచ్చింది, అది కుప్పం పోయింది అంటాడు ఆడుండేటోడు. ఆవు యాడికి పోతాదే? ఆకాశంలోకి పోతాదా?”

గోపథం అంటే రోడ్ల మీద తిరిగే పశువులను పట్టి దొడ్లకు చేర్చే కాంట్రాక్టు కంపెనీ. వాళ్ళు పట్టిన పశువును ఫోటో తీస్తారు. ఆ ఫోటోకు వాక్యం రాసేది ఈ ఆఫీసు యంత్రమే. వాక్యంలో ఆవు అని ఉంటే పుంగనూరు దొడ్డికి, దూడ అని ఉంటే సీసాపాలు పట్టే ఏర్పాటున్న కుప్పం దొడ్డికి. బండి దారి మలిపేది ఆ ఒక్క మాటే. నిన్నటిదాకా ఆ మాటను ఒక మనిషి చూసేది.

తన బల్ల దగ్గరికి పరిగెత్తి ఆ పొద్దున వచ్చిన ఫోటోలు తెరిచింది. ఎక్కువసేపు వెతకలేదు. పుట్టమ్మే. రోడ్డు పక్కన, తెగిన తాడు మెడలో వేలాడుతూ. రెండు వైపులా బిందెలు కట్టినట్టు పొట్ట. పాలు దిగి బిగిసిన పొదుగు. కొమ్ములు. ముసలితనం మొదలైన ముఖం. దాని కింద యంత్రం రాసింది:

‘లావు దూడ దూడ రోడ్డు పక్కన నిలబడి ఉంది.’

పొట్టిగా ఉంది కాబట్టి దూడ. పొట్ట ఉంది కాబట్టి లావు. పక్కమాటతో పక్కమాట మాట్లాడదు కాబట్టి దూడ రెండుసార్లు.

ఆమె గురుమూర్తిని చేయి పట్టుకున్నంత పని చేసి తెరముందుకు లాక్కొచ్చింది. “ఇది మా ఆవు సార్. ఈనేదానికి ఉండాది. దూడని రాసి లారీలో ఎక్కించి కుప్పం తోలినారు. మార్చండి సార్. ఒక్క మాట.”

గురుమూర్తి వంగి చూశాడు. “అయ్యో. పొద్దున్నే పెట్టిన కొత్త మోడలు కదా. రోజుకు ఒకటో రెండో పోతాయి ఇట్లా.”

“పోయింది మా ఆవు సార్.”

“ఆ వాక్యం బయటికి పోయిందమ్మా. పోయినదాన్ని ఈడినుంచి దిద్దేదానికి లేదు. కంప్లయింటు టిక్కెట్టు పెట్టు. బెంగళూరోళ్ళు సూస్తారు.”

“ఎప్పుడు సూస్తారు?”

“వరసలో వస్తాది.”

“రాసేదేమో రెప్పపాటులో. దిద్దేదేమో వరసలోనా?”

“నామీద ఎగిరితే ఎట్లమ్మా? ముందు టిక్కెట్టు పెట్టు.”

“పెట్టను సార్. కొనుక్కుంటా, బస్సులో. కుప్పానికి,” అని బ్యాగు తీసుకుంది యమున. ఫర్జానా తన నీళ్ళ సీసా ఆమె బ్యాగులో పెట్టి, గురుమూర్తి వైపు తిరిగి ఒక చూపు చూసింది.

పుంగనూరులో చెంగమ్మ బస్సెక్కింది. చేతిలో కొత్త పలుపుతాడు, చంకలో పాత గుడ్డల మూట, కొంగున కట్టిన ఆముదం సీసా. మంత్రసాని పోతున్నట్టు పోతోంది. కూతురి పక్కన కూర్చొని, పలమనేరు దాకా కిటికీలోంచి దాటిపోయే ప్రతి లారీలోకీ తొంగి చూసింది. పలమనేరు దాటాక నోరు తెరిచింది.

“ఆ బండిలో మనిషి అనేటోడు ఒకడు ఉండాడా?”

“డ్రైవరు ఉంటాడు మా. ఎక్కించేటోళ్ళు ఇద్దరు.”

“వాళ్ళకు కండ్లుండాయా?”

“ఉంటాయి. ఫోన్లో దూడ అని వస్తే దూడ ఎక్కించాల. అంతే వాళ్ళ పని.”

“దానికి మాటలు నేర్పించింది నువ్వే కదా?”

“నేను సూడి ఆవు అని నేర్పించినా మా. వాళ్ళు ఆ మాట పీకేసినారు.”

“పీకేస్తాంటే నువ్వేం సేస్తావుండావు?”

“కేకు ఇచ్చినారు,” అంది యమున.

చెంగమ్మ వి.కోట వచ్చేదాకా మళ్ళీ లారీల్లోకే తొంగి చూసింది. దానికన్నా రెండు తన్నినా బాగుండేదనిపించింది యమునకు. కోపం అమ్మ మీద కాదు, గురుమూర్తి మీద కూడా పూర్తిగా కాదు. ఎవరి మీద పడాలో ఆ కోపానికే తెలియడం లేదు. తప్పు చేసింది ఎవరని అడిగితే చూపించడానికి ఒక ముఖం లేదు. ఫోటో తీసినవాడు ఫోటోనే తీశాడు. యంత్రం రాయమన్నట్టు రాసింది. లారీవాడు చదివినట్టు తోలాడు. అందరూ వాళ్ళ పని సరిగ్గా చేశారు, ఆవు మాత్రం దూడ అయింది.

దొడ్డి కుప్పం ఊరు దాటి, గుట్ట వాలులో ఉంది. రేకుల కొట్టాలు, ఇనుప గేటు, గేటు పైన ఒక కెమెరా. కావలి మనిషి అంజినప్ప ఒక చేతిలో పాలసీసా, ఇంకో చేతిలో ఫోను పట్టుకొని వచ్చాడు. తల నెరిసినవాడు. పంచె మోకాళ్ళ పైకి కట్టి ఉంది.

“ఆవు యాడుండాది నాయనా?” అంది చెంగమ్మ గేటు పట్టుకొని.

“ఈడ ఆవులుండవమా. దూడల దొడ్డి ఇది.”

“పుంగనూరు నించి వచ్చిందాంట్లో పొట్టిది లేదా?”

“ఒకటుండాది. మొండి దూడమా అది. దిగినకాడి నించి సీసా నోట్లో పెడతాండా, తల తిప్పుకుంటాది. ఒకసారి కొమ్ముతో కుమ్మింది గూడా.”

“కొమ్ములుండాయా దూడకు?”

అంజినప్ప సీసాను అటూ ఇటూ తిప్పాడు. “ఉండాయి.”

“పొదుగుండాదా?”

“...ఉండాది.”

“ఇంగ యాల దూడంటావప్పా? నీకు మీసం ఒక్కటి తక్కువయితే నిన్ను పసిబిడ్డనంటే ఒప్పుకుంటావా?”

“నేనంటానా తల్లీ? ఇది అంటాది,” అని ఫోను చూపించాడు. “నేను ఆవని కొడితే తీసుకోదు. నాకు ముందు ఈడ పనిచేసినాయప్ప, బొమ్మలో ఉండేది దూడ కాదు పొట్టేలని తగువు పెట్టుకుంటే, సిస్టం మాట ఇనలేదని పంపించేసినారు. నేను సీసా పట్టేది ఎందుకనుకున్నావు? పట్టినట్టు ఫోటో పెట్టాల.”

లోపలినుంచి ఒక మూలుగు వినిపించింది. సన్నగా, సాగదీసినట్టు. చెంగమ్మ ఇంక గేటు తీయమని అడగలేదు. తోసుకొని పోయింది.

కొట్టం మూలన, బెదిరి ఒకటిమీద ఒకటి పడుతున్న దూడల మధ్య పుట్టమ్మ పడుకొని ఉంది. లారీ ఇనుపరేకుకు ఒరుసుకొని తొడమీద తోలు లేచింది. ముఖానికి పాలసీసా పాలు కారి ఎండి ఈగలు ముసురుతున్నాయి. కడుపులో బిడ్డ ఉన్నదాని నోట్లో సీసా కుక్కారు. చెంగమ్మను చూసి లేవబోయి లేవలేక తల కింద పెట్టేసింది.

“వచ్చినా తల్లీ, వచ్చినా,” అంటూ చెంగమ్మ దాని వెనక కూర్చుంది. ఆముదం చేతులకు పూసుకుంది. దూడ గిట్ట ఒకటే కనిపిస్తోంది. రెండోది లోపల మడతపడింది. “నీళ్ళు!” అని అరిచింది. ఫోను జేబులో పెట్టేసి పరిగెత్తాడు అంజినప్ప. బక్కెట్టు తెచ్చాడు, గోనెసంచులు పరిచాడు, దూడలను అవతలికి తోలాడు. అడగకముందే పుట్టమ్మ తలను ఒళ్ళో పెట్టుకొని గంగడోలు నిమురుతూ కూర్చున్నాడు. పశువుల మధ్య పుట్టిన మనిషని ఆ కూర్చోవడంలోనే తెలిసిపోయింది యమునకు. ఆయనకు తెలుసు. పొద్దున లారీ దిగినప్పుడే తెలుసు. తెలిసిన మనిషి చేతికి పాలసీసా ఇచ్చి, తెలియనట్టు ఉండమన్నారు.

చెంగమ్మ పళ్ళు బిగబట్టి లోపలి కాలును సరిచేసింది. ఎండ కొట్టం దాటి గుట్ట మీదికి ఎక్కేవేళకు దూడ జారి గోనెసంచి మీద పడింది. మేకపిల్లంత ఉంది. చలనం లేదు. చెంగమ్మ దాని ముక్కు తుడిచి, వెనకకాళ్ళు పట్టి తల కిందికి వేలాడదీసి, గడ్డిపరకతో ముక్కులో గీకింది. అది తుమ్మింది. పుట్టమ్మ తల తిప్పి నాలుక చాచింది.

“పెయ్య,” అంది చెంగమ్మ. అప్పుడు ఏడ్చింది.

అంజినప్ప కూడా కండ్లు తుడుచుకున్నాడు. పుట్టమ్మ లేచి నిలబడి, మాయ వేసి, బిడ్డను అంతా నాకేదాకా ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఆ తరువాత అంజినప్ప జేబులోని ఫోను గణగణమంది. సాయంత్రం లెక్క. ఆయన చూసి, ముఖం పక్కకు తిప్పుకొని చెప్పాడు.

“అమా, ఆవును తోలుకోని పోండి. నాకు అడ్డం ల్యా. ఫోన్లో ఆవే లేదు, లేనిదాన్ని ఎవురు అడగతారు?” ఆగి, గొంతు తగ్గించాడు. “దూడ మాత్రం ఈడుండాల. పుంగనూరు నించి వచ్చిన దూడ ఒకటి అనుండాది. ఇప్పుడు ఒకటి ఉండాది. లెక్క సరిపోయింది.”

పొద్దున రాసిన అబద్ధం సాయంత్రానికి దూడను పుట్టించుకొని నిజమై కూర్చుంది. రోడ్డు మీద దూడే లేదు. ఆ మాట రాసినప్పుడు ఈ పిల్ల ఇంకా వెలుగు చూడలేదు. అయినా దీని మీద హక్కు ఆ మాటకే ఉందట.

గురుమూర్తికి ఫోను చేసింది. ఆయన అంతా విన్నాడు. మధ్యలో అయ్యో అన్నాడు, పాపం అన్నాడు. “లెక్క సరిపోయింది కదమ్మా. ఈపొద్దుటికి దూడను ఆడనే పెట్టి రా. టిక్కెట్టు నేనే పెడతా. ఒకటి రెండు దినాల్లో సర్దుదాం.”

“ముర్రుపాలు తాగకుండా ఒకటి రెండు దినాలు ఈ బిడ్డ ఉంటాదా సార్?”

“ఆడ సీసాలుంటాయి కదా?”

“సీసాలుండాయి సార్. పొద్దుట్నించీ తల్లి నోట్లో పెడతాండారు.”

యమున ఫోను పెట్టేసింది. ఏండ్ల తరబడి ఆ మనిషిని సార్ అని పిలిచింది. ఇప్పుడు ఫోనులో అన్న ఆ ఆఖరి సార్ కూడా ఎందుకన్నానా అనిపించింది.

రోడ్డు మీద పలమనేరుకు ఖాళీగా పోయే టమోటా టెంపో ఒకటి టీకి ఆగి ఉంటే పోయి మాట్లాడి వచ్చింది. తిరిగొచ్చేసరికి చెంగమ్మ దూడను గుడ్డల్లో చుట్టి ఎత్తుకొని గేటు ముందు నిలబడి ఉంది. పుట్టమ్మ ఆమె మోచేతిని నాకుతూ వెనక నిలబడింది. అంజినప్ప గడియ మీద చేయి పెట్టి ఉన్నాడు. తీయడం లేదు, వేయడం లేదు.

“నా పని పోతాదమా. ఇద్దరు మనవరాండ్లు బడికి పోతాండారు.”

“నీ పని పోగొట్టేదానికి రాలేదు నాయనా. ఎవురన్నా అడిగితే ఈడికి రమ్మను. వచ్చి తల్లి దగ్గర్నించి బిడ్డను వాళ్ళ సేతుల్తోనే లాక్కోమను. నీ సేతులతో సేయించొద్దను. అవి మంచి సేతులు.”

అంజినప్ప చాలాసేపు తన చేతుల వైపే చూసుకున్నాడు. తరువాత గడియ లాగాడు.

వాళ్ళు గేటు దాటుతుండగా ఆయన జేబులో ఫోను టింగుమంది. పైన ఉన్న కెమెరా బొమ్మ తీసింది, మదనపల్లె యంత్రం వాక్యం రాసింది, అది ఇక్కడ ఫోనులో పడింది. అన్నీ ఒక అడుగు వేసేలోపల. అంజినప్ప పైకి చదివాడు.

“‘ఇద్దరు ఆడవాళ్ళు ఆడవాళ్ళు దూడలను ఎత్తుకొని పోతున్నారు.’ దొంగతనం అని రాసిందమా!”

చెంగమ్మ నిలబడిపోయింది. “ఎత్తుకోని పోతాండామా? పొద్దున మా రోడ్డు మీద నిండు సూలాలిని ఎత్తుకోని పోతాంటే యాల రాయలేదంట ఇది? అప్పుడు కండ్లు యాడ పెట్టుకోనుండె?”

చెంగమ్మ దూడను భుజం మీదికి సర్దుకొని టెంపో వైపు నడిచింది. ఆవు ఆమె వెంట నడిచింది.

యమున కదల్లేదు. గేటు కింద నిలబడి తల పైకెత్తి కెమెరా అద్దంలోకి సూటిగా చూసింది.

“రాసుకో,” అంది. “నాకు తెలిసిన మాటలన్నీ నీకు నేనే ఇచ్చినా కదా. రాసుకో. చెంగమ్మ, ఆమె కూతురు యమున. ఆ ముందు పోయేది పుట్టమ్మ. అది ఆవు.”

ఫోను మళ్ళీ టింగుమంది. ఏం రాసిందో అంజినప్ప ఈసారి చూడలేదు. యమున కూడా అడగలేదు. టెంపో దగ్గర పుట్టమ్మ ఎక్కనని మొరాయిస్తోంది, అమ్మ పిలుస్తోంది, వెనకనుంచి పట్టుకోవడానికి యమున పోయింది.